పోగొట్టుకున్న చోటే వెతుక్కోవడం

అర్ధరాత్రి దాటింది. చేలో బోరు వేసే రిగ్గు బండి దీపాలు తప్ప చుట్టూ చీకటి. ఆరు వందల అడుగులు దిగినా పైకి వచ్చేది తెల్లటి బండ పొడే. మూడు వందల ఇరవై దగ్గర కాస్త తడి తగిలింది, రెండు రాడ్లు దిగేసరికి అదీ ఆరిపోయింది. కంప్రెసరు రొదలో మాట వినపడదు కనుక డ్రైవరు చేతి సైగతోనే అడుగుతాడు: ఇంకో రాడ్డు వేసేదా, ఉన్నవి పైకి తీసేదా? రైతు పిడికెడు పొడి తీసుకుని వేళ్ల మధ్య నలుపుతాడు, వాసన చూస్తాడు. గట్టున కూర్చున్నవాళ్లు తలా ఒక మాట అంటారు. చివరికి ఆయన నోట వచ్చే మాట అనంతపురంలోనైనా నల్లగొండలోనైనా ఒకటే. ఇంకో యాభై అడుగులు చూద్దాం.

దీన్ని మూర్ఖత్వం అనడం సులువు. కానీ కూడికలు, తీసివేతలు ఆ రైతుకు తెలియనివి కావు. అడుగుకు ఇంత అని బేరమాడింది ఆయనే. మొదటి మూడు నాలుగు వందల అడుగులకు ఒక ధర, ఆ కిందికి ప్రతి వందకూ ధర పెరుగుతూ పోతుందని, కేసింగు పైపు ఖర్చు వేరని ఆయనకు కంఠతా వచ్చు. రాయలసీమలోనూ తెలంగాణలోనూ చాలాచోట్ల నేల కింద ఉన్నది గట్టి రాయి. అందులో నీరు పగుళ్లలోనే నిలుస్తుంది, లోతుకు పోయేకొద్దీ ఆ పగుళ్లు సాధారణంగా పలచబడతాయి. అంటే దిగేకొద్దీ అడుగు ధర పెరుగుతుంది, నీరు పడే అవకాశం తగ్గుతుంది. ఆరు వందల తర్వాతి యాభై అడుగులు ఆ బోరు మొత్తంలో అతి చెడ్డ బేరం. ఇదే ప్రశ్న ముందు రోజు సాయంత్రం అరుగు మీద అడిగి ఉంటే ‘నాలుగు వందల దాకా చూసి ఆపేస్తాను’ అని ఆయనే చెప్పేవాడు. ఒక్క రాత్రిలో మారింది ఏమిటి?

ఆయన తెలివి ఎక్కడికీ పోలేదు. లెక్క మొదలుపెట్టే గీత ఉన్నచోటే ఉంది, ఆయన దాని కిందికి జారాడు.

‘పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలి’ అని సామెత. ముక్కుపుడక పడిపోయినప్పుడు అది మంచి సలహా. చిక్కేమిటంటే పేకాట దగ్గర, షేర్ల దగ్గర, బోరు దగ్గర కూడా జనం ఈ సామెతనే తలుచుకుంటారు. ముక్కుపుడక పడిన చోటే ఉంటుంది. బోరులో పోసిన డబ్బు బోరులో ఉండదు, అది రిగ్గు యజమాని ఖాతాకు ఎప్పుడో వెళ్లిపోయింది. అయినా మనసు ఆ గుంతలోకే చూస్తుంది.

అర్థశాస్త్రం చాలాకాలం ఒక సౌకర్యమైన ఊహ మీద నడిచింది. మనిషి తన ఆస్తిపాస్తులన్నీ ఒకచోట పోగేసుకుని, ఈ పని చేస్తే మొత్తం ఎంతవుతుంది, చేయకపోతే ఎంత మిగులుతుంది అని బేరీజు వేసి ఎంచుకుంటాడని ఆ ఊహ. ఇజ్రాయెల్‌కు చెందిన ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లో ‘ఎకనొమెట్రికా’ పత్రికలో ప్రచురించిన వ్యాసం దానికి గండి కొట్టింది. వాళ్లు వాడిన సామగ్రి కాగితం మీద అడిగిన ప్రశ్నలే. ఖాయంగా 3,000 ఇజ్రాయెలీ పౌండ్లు తీసుకుంటారా? లేక 4,000 వచ్చే అవకాశం నూటికి 80 పాళ్లు, ఏమీ రాని అవకాశం 20 పాళ్లు ఉన్న పందెం కడతారా? అప్పట్లో అక్కడ ఒక మధ్యస్థ కుటుంబం నెల ఆదాయం సుమారు 3,000 పౌండ్లు. అంటే ప్రశ్న ఒక నెల జీతం గురించి. నూటికి 80 మంది ఖాయం సొమ్మే కోరుకున్నారు. సగటు కడితే పందెం విలువ 3,200 అవుతుంది, అయినా చేతికి వచ్చేదాన్ని వదులుకోవడానికి మనసొప్పలేదు.

తర్వాత అవే అంకెలను తిరగేశారు. ఖాయంగా 3,000 పోగొట్టుకుంటారా? లేక 4,000 పోయే అవకాశం 80 పాళ్లు, దమ్మిడీ పోకుండా బయటపడే అవకాశం 20 పాళ్లు ఉన్న పందెం కడతారా? ఈసారి నూటికి 92 మంది పందెం వైపు వెళ్లారు. సగటున ఎక్కువ పోయేది పందెంలోనే. లాభం ముందు జంకిన మనుషులు నష్టం ముందు తెగించారు.

దీనికి వాళ్లిద్దరూ చెప్పిన వివరణకు పేరు ప్రాస్పెక్ట్ థియరీ. ఆ పేరు గుర్తుండకపోయినా ఫరవాలేదు, అందులోని గీత గుర్తుంటే చాలు. మనసు మొత్తం ఆస్తిని తూచదు. ఎక్కడో ఒకచోట సున్నా గీత గీసుకుంటుంది. గీతకు పైన ఉన్నది లాభం, కింద ఉన్నది నష్టం. పైనున్న వందకు కలిగే సంతోషం కన్నా కిందనున్న వందకు కలిగే బాధ ఎక్కువ. 1992లో వాళ్లే చేసిన మరో అంచనాలో అది రెండింతలకు పైగా, 2.25 రెట్లుగా తేలింది. ఇంకో మెలిక ఉంది. నష్టం పెరిగేకొద్దీ బాధ అదే జోరుతో పెరగదు. మొదటి పదివేలు పోయినప్పటి నొప్పి పదకొండో పదివేలు పోయినప్పుడు ఉండదు. గీతకు బాగా కిందికి జారినవాడికి మరికాస్త జారడం పెద్ద తేడాగా అనిపించదు, తిరిగి గీత దాకా ఎక్కే ఆశ మాత్రం బ్రహ్మాండంగా కనిపిస్తుంది. తన నష్టంతో రాజీ పడని మనిషి, మామూలు వేళల్లో ఒప్పుకోని పందేలను ఒప్పుకుంటాడని ఆ 1979 వ్యాసంలోనే ఉంది. గుర్రప్పందేల్లో పొద్దు గడిచేకొద్దీ గెలిచే ఆశ లేని గుర్రాల మీద పందేలు పెరగడాన్ని వాళ్లు దీనికి దగ్గరి సాక్ష్యంగా చూపారు. సాయంత్రానికి చాలామంది గీత కింద ఉంటారు, ఇంటికి వెళ్లేలోపు గీత మీదికి రావాలి, మామూలు గుర్రం అంత ఎత్తుకు ఎత్తలేదు. ట్వెర్‌స్కీ 1996లో చనిపోయారు. 2002లో అర్థశాస్త్ర నోబెల్ కానెమన్‌కు వచ్చింది.

1990లో రిచర్డ్ థేలర్, ఎరిక్ జాన్సన్ చేసిన ప్రయోగాలు ఈ చిత్రానికి ఒక ముఖ్యమైన సవరణ చేర్చాయి. నష్టపోయిన మనిషి ప్రతి పందేనికీ ఎగబడడు. చాలా పందేల దగ్గర దెబ్బతిన్నవాడు మరింత జాగ్రత్తపడతాడు. పోయినదంతా ఒక్క దెబ్బకు తిరిగిచ్చే పందెం ఎదురైనప్పుడే లొంగిపోతాడు. మూడు బోర్లు ఎండిపోయిన రైతు కొత్త రకం విత్తనం వేయడానికి భయపడి, నాలుగో బోరుకు మాత్రం అప్పు తేవడంలోని మర్మం ఇక్కడ దొరుకుతుంది. విత్తనం మహా అయితే నాలుగు బస్తాలు ఎక్కువ ఇస్తుంది. బోరు పడితే అన్ని అప్పులూ తీరతాయి.

ఈ గీత సంగతి ఎక్కడో ఇజ్రాయెల్‌లో కాగితం మీద జవాబులు రాసినవాళ్లకు చెందిన వింత అనుకోనక్కరలేదు. తెలుగు నేల మీదే, అదీ పల్లెల్లో, నిజం డబ్బుతో పరీక్షించిన సందర్భం ఉంది. తెలుగులో దాని గురించి పెద్దగా ఎవరూ రాయకపోవడం ఆశ్చర్యమే. పటాన్‌చెరులోని మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975 నుంచి కొన్ని మెట్ట గ్రామాలను ఏళ్ల తరబడి అధ్యయనం చేసింది. వాటిలో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, దోకూరు ఉన్నాయి, మిగిలినవి మహారాష్ట్రవి. అక్కడ పనిచేసిన ఆర్థికవేత్త హాన్స్ బిన్స్‌వాంగర్ రైతులతో, కూలీలతో నాణెం ఆట ఆడించారు. ఒక ఎంపికలో బొమ్మ పడినా బొరుసు పడినా 50 రూపాయలు ఖాయం. ఇంకోదానిలో ఒక వైపు పడితే 40, రెండో వైపు పడితే 120. మరోదానిలో 30 లేదా 150. అలా సాగి చివరి ఎంపిక సున్నా లేదా 200. చిల్లర పైసలతో మొదలై పందెం ఇంత దాకా వచ్చింది. ఆ రోజుల్లో పై మొత్తాలు కూలి మనిషి నెల సంపాదనను మించినవి.

ఫలితాలు 1980లో అచ్చయ్యాయి. చిన్న మొత్తాల దగ్గర ఒక్కొక్కరిది ఒక్కో తీరు. పెద్ద మొత్తాల దగ్గరికి వచ్చేసరికి దాదాపు అందరూ ఒక మోస్తరు జాగ్రత్త దగ్గర కలుసుకున్నారు. మోతుబరికీ కూలికీ తేడా పెద్దగా కనిపించలేదు. పాఠ్యపుస్తకం ప్రకారం ఇలా ఉండకూడదు. ఇరవై ఎకరాలున్న ఆసామికి యాభై రూపాయలు ఎంత? మొత్తం ఆస్తితో కలిపి లెక్క వేసుకుంటే ఆయన నిబ్బరంగా పెద్ద పందెం ఎంచుకోవాలి. ఆయన కూడా చేతిలో ఉన్న నాణేన్నే చూశాడు, తన పొలాన్ని ఆ లెక్కలోకి తేలేదు. మనుషులు ఆస్తి మొత్తాన్ని కాక ఎదుటనున్న లాభనష్టాలనే తూచుతారనడానికి ఈ పాలమూరు ఆటలు సాక్ష్యమని బిన్స్‌వాంగర్ మరుసటి ఏడాది రాసిన వ్యాసం వాదించింది. ఆ ఆటల్లో ఎవరి చేతి డబ్బూ పోయే వీలు లేదు కనుక గీత కింది తెగింపును అవి చూపలేవు. గీత ఉందని మాత్రం చూపాయి.

మళ్లీ రిగ్గు దగ్గరికి వద్దాం. అరుగు మీద కూర్చున్నప్పుడు రైతు గీత ‘ఇప్పుడున్న స్థితి’ దగ్గర ఉంది. నీళ్లు పడితే లాభం, పడకపోతే ఇంత ఖర్చు. ఆరు వందల అడుగుల దగ్గర ఆ గీత కదలకుండా అక్కడే ఉండిపోయింది, మనిషి మాత్రం దాని కిందికి దిగిపోయాడు. రాడ్లు పైకి తీయమనడం అంటే ఖాయమైన నష్టాన్ని చేతులారా ఒప్పుకోవడం. యాభై అడుగులు అంటే ఇజ్రాయెలీ ప్రశ్నాపత్రంలోని రెండో పందెం. అక్కడ నూటికి 92 మంది ఏం చేశారో చూశాం. ఆ 92 మంది కన్నా ఈయన తక్కువ తెలివిగలవాడని అనడానికి ఆధారమేమీ లేదు.

ఇందులో ఇంకో పొర ఉంది. తిరిగిరాని ఖర్చును, అది ఇంకా చేతిలో ఉన్నట్టే, తర్వాతి నిర్ణయంలోకి లాగడం. అమెరికాలో ఒహాయో విశ్వవిద్యాలయం నాటకశాలలో హాల్ ఆర్క్స్, కేథరిన్ బ్లూమర్ చేసిన చిన్న ప్రయోగం 1985లో వెలువడింది. సీజను మొత్తానికి టికెట్టు 15 డాలర్లు. మొదట వచ్చిన 60 మందిలో కొందరికి పూర్తి ధరకు, కొందరికి 13కు, కొందరికి 8కి ఇచ్చారు. ఎవరికి ఏ ధర అన్నది చీటీ వేసినట్టే, వాళ్ల నాటకాభిరుచికి దానితో సంబంధం లేదు. అయినా సీజను మొదటి సగంలో పూర్తి ధర పెట్టినవాళ్లు మిగతావాళ్లకన్నా ఎక్కువ నాటకాలకు హాజరయ్యారు. రెండో సగానికి వచ్చేసరికి ఆ తేడా చెరిగిపోయింది.

ఆ రెండో సగం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ, అసలు విషయం అక్కడే ఉంది. పెట్టిన డబ్బు బాధ కాలంతో పాటు అరుగుతుంది. అరిగాక మనిషి మామూలుగా ఆలోచిస్తాడు. మరి ఆ డబ్బు వడ్డీకి తెచ్చినదైతే? నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీ నెలనెలా గుమ్మంలోకి వస్తుంటే పాత బోరు పాతబడదు. ప్రతి నెలా అది నిన్న రాత్రి వేసిన బోరే. నాటకం టికెట్టు కొన్నవాడికి దొరికిన మరపు అప్పు చేసినవాడికి దొరకదు. ఒకే మానసిక బలహీనత నౌకరీ ఉన్నవాడికి వందల్లో, రైతుకు లక్షల్లో ఖరీదు చేయడానికి కారణం మనసులో కన్నా అప్పు పత్రంలో ఎక్కువ ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఎండిపోయిన బోరు తర్వాత ఇంకో బోరు వేసిన ప్రతివాణ్నీ ఈ గాటన కట్టకూడదు. పదేళ్లు పెంచిన బత్తాయి తోట కళ్ల ముందు వాడిపోతుంటే, ఆ చెట్లు ఇంకో పదేళ్లు కాపు ఇవ్వగలవు. అది పోయిన డబ్బు కాదు, రాబోయే డబ్బు. దానికోసం నీటి వెతుకులాట సబబైన లెక్కే కావచ్చు. ఖాళీ చేలో నాలుగో బోరు వేరు, బత్తాయి తోటలో నాలుగో బోరు వేరు. బయటి నుంచి చూసేవాళ్లకు రెండూ ఒకే మొండితనంలా కనిపిస్తాయి.

రైతు కళ్లకు కనిపించేదాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. నీళ్లు పడిన బోరు దూరం నుంచే తెలుస్తుంది, దాని చుట్టూ పచ్చగా ఉంటుంది, మోటారు చప్పుడు వినిపిస్తుంది. నీళ్లు పడని బోరు మూతికి ఒక రాయి అడ్డం పెడతారు, ఏడాదికి దాని మీద గడ్డి మొలుస్తుంది. ఊళ్లో ఎన్ని బోర్లు పడ్డాయో ఎవరైనా వేళ్ల మీద చెబుతారు, ఎన్ని ఎండాయో చెప్పాలంటే తడుముకోవాలి. పాయింటు పెట్టేవాడి, అంటే నీళ్లు పడే చోటు చూపించేవాడి పేరు కూడా పడిన బోర్ల మీదే నిలబడుతుంది. అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడిన చోట నీళ్లు పడకపోతే, ఆ చోటుకు ఎవరూ వెళ్లి మళ్లీ చూడరు.

ఇదంతా పల్లె, అప్పు, చదువులేమి కలిసి చేసిన నష్టమని అనుకునేవాళ్లు షేర్ మార్కెట్ వైపు ఒకసారి చూడాలి. అక్కడ ఉన్నది చదువుకున్నవాళ్లు, చేతిలో అంకెలన్నీ ఉన్నవాళ్లు.

షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో వెలువరించిన అధ్యయనం ప్రకారం 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో (షేర్ల రేపటి ధర మీద పందెం లాంటి ఒప్పందాల్లో) దిగిన కోటి మందికి పైగా వ్యక్తిగత ట్రేడర్లలో నూటికి 93 మంది నష్టపోయారు. ఖర్చులతో కలిపి మనిషికి సగటున సుమారు 2 లక్షల రూపాయలు, మొత్తం 1.8 లక్షల కోట్లకు పైగా. వీళ్లలో నాలుగింట మూడు వంతుల మందికి పైగా తమ వార్షికాదాయం 5 లక్షల లోపే అని చెప్పుకున్నవాళ్లు. ఇవి పత్రికల్లో మార్మోగిన అంకెలు. వాటికన్నా ఈ వ్యాసానికి పనికొచ్చేది అదే నివేదికలో ఉన్న ఇంకో మాట: వరుసగా నష్టాలు వచ్చినా, నష్టపోయినవాళ్లలో నూటికి 75 మందికి పైగా ఆట కొనసాగించారు. 2024 నవంబరు నుంచి కాంట్రాక్టు కనీస పరిమాణం పెంచి, వారం వారం ముగిసే కాంట్రాక్టులను కుదించి సెబీ బిగించింది. 2024-25లో నష్టపోయినవాళ్లు నూటికి 91 మంది, వ్యక్తిగత ట్రేడర్ల మొత్తం నికర నష్టం 1.05 లక్షల కోట్లు.

హెచ్చరిక లేకనా? 2023 జూలై నుంచి బ్రోకర్లు ఈ విభాగంలోకి వచ్చే ప్రతి ఖాతాదారుకూ లాగిన్ కాగానే ఒక మాట చూపించాలి: పదిమందిలో తొమ్మిదిమంది ఇక్కడ నికరంగా నష్టపోతున్నారు. దాని కింద ఒక బొత్తాం ఉంటుంది. అది నొక్కితే గానీ ముందుకు పోలేరు కనుక నొక్కుతారు. చదివినవాడు పదో మనిషి తానే అనుకుంటాడు. అమెరికా విద్యార్థులను కారు నడపడంలో మీ నైపుణ్యం ఎంత అని అడిగితే నూటికి 93 మంది తమను సగం మంది కన్నా పైన వేసుకున్నట్టు 1981లో ఒక స్వీడన్ పరిశోధకుడు ప్రచురించిన అధ్యయనం చెబుతుంది. తొమ్మిదిమందిలో ఒకడినని ఎవరూ అనుకోనప్పుడు తొమ్మిదిమంది గురించి హెచ్చరించడం ఎవరికి?

తెర మీద ఏం కనిపిస్తుందో కాస్త దగ్గరగా చూడండి. ఒక షేరు పేరు, పక్కన కొన్న ధర, ఇప్పటి ధర, ఆ రెంటి తేడా. తేడా పైకుంటే పచ్చ, కిందకుంటే ఎరుపు. మనసు తనంతట గీసుకోవాల్సిన సున్నా గీతను ఇక్కడ ఫోనే గీసి ఇస్తోంది, రంగు కూడా వేసి మరీ. ఆ షేరుకు మనం ఎంతకు కొన్నామో తెలియదు. 412కు కొన్నవాడికి, 350కి కొన్నవాడికి రేపటి ధర ఒకటే. అయినా 412కు కొన్నవాడు 380 దగ్గర ‘అసలు వచ్చాక అమ్మేస్తా’ అని కూర్చుంటాడు. ‘అమ్మేదాకా నష్టం కాగితం మీదే’ అన్నది ఆ లోకపు సామెత. ఇంకాస్త పడితే మరికొన్ని కొని సగటు తగ్గిస్తాడు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు యావరేజ్ చేయడం. ఇంకో యాభై అడుగులు అన్న మాటకు నగరంలో పేరు అది.

టెరెన్స్ ఓడీన్ 1998లో ప్రచురించిన పరిశోధన అమెరికాలో ఒక బ్రోకరేజీకి చెందిన 10,000 ఖాతాలను 1987 నుంచి 1993 దాకా తిరగేసింది. లాభంలో ఉన్న షేర్లను అమ్మే అవకాశం వచ్చినప్పుడు వంద సందర్భాల్లో సుమారు 15 సార్లు అమ్మారు, నష్టంలో ఉన్నవాటిని సుమారు 10 సార్లే. అమ్మిన లాభాల షేర్లు, అట్టేపెట్టుకున్న నష్టాల షేర్ల కన్నా మరుసటి ఏడాదిలో సగటున 3.4 శాతం ఎక్కువ పెరిగాయి. పూలు కోసి పారేసి కలుపుకు నీళ్లు పోసినట్టు. ఒక్క నెలలో మాత్రం ఈ అలవాటు తిరగబడింది. డిసెంబరులో నష్టాల షేర్ల అమ్మకం పెరిగింది, ఎందుకంటే ఏడాది ముగిసేలోగా నష్టం చూపిస్తే పన్ను తగ్గుతుంది. అదే షేరు, అదే నష్టం. నవంబరులో అది ఓటమి, డిసెంబరులో పన్ను మినహాయింపు. గీత జరిగితే చేయి కూడా కదులుతుంది.

మనిషి తప్పు చేశాడని తేల్చేముందు అతని గీత ఎక్కడ ఉందో అడగాలనడానికి పాలమూరులోనే ఇంకో ఉదాహరణ ఉంది. 2003లో బీమా కంపెనీ ఐసీఐసీఐ లాంబార్డ్, పల్లెల్లో చిన్న అప్పులిచ్చే బేసిక్స్ సంస్థ కలిసి మహబూబ్‌నగర్‌లో వేరుశనగ, ఆముదం రైతులకు వాన బీమా ప్రవేశపెట్టాయి. పంట నష్టం అంచనాలు, అధికారుల రాకలు లేవు, వర్షమానినిలో వాన తగ్గితే చెల్లింపు. మెట్ట రైతు ఎగబడి కొనాల్సిన సరుకు. కొన్నవాళ్లు కొద్దిమందే. ఆ తర్వాత మహబూబ్‌నగర్, అనంతపురం పల్లెల్లో సర్వే చేసిన ఆర్థికవేత్తలకు కనిపించిన వింత ఏమిటంటే, రిస్కుకు ఎక్కువ భయపడే కుటుంబాలే ఆ బీమాను తక్కువగా కొన్నాయి. పుస్తకాల ప్రకారం ఇది తలకిందుల వ్యవహారం.

రైతు వైపు నుంచి చూస్తే అంత తలకిందులు కాదు. ప్రీమియం ఇవాళ చేతి నుంచి ఖాయంగా పోయే డబ్బు. వాన బాగా పడితే కట్టింది పోయినట్టే. పడకపోతే ఎప్పుడూ చూడని ఒక కంపెనీ నిజంగా ఇస్తుందా? ఆ అనుమానాన్ని కలిపితే, భయస్థుడికి బీమా కూడా ఒక పందెమే. తర్వాతి అధ్యయనాలు ఆంధ్రప్రదేశ్, గుజరాత్‌లలో వెతికి చూపించిన కారణాలు కూడా ఇవే: నమ్మకం చాలకపోవడం, విత్తనాల వేళ చేతిలో రొక్కం లేకపోవడం. ఊరికి ముందే తెలిసిన సంస్థ మనిషి వచ్చి ఈ అమ్మేవాడు మనవాడే అని పరిచయం చేస్తే కొనుగోళ్లు పెరిగాయి. రైతుకు బుద్ధి చెప్పే ముందు అమ్మేవాడు తన ముఖం చూపించాల్సింది.

ఈ శాస్త్రం మీద కూడా కొంచెం అనుమానం ఉంచుకోవడం మంచిది. నష్టానికి 2.25 రెట్ల బాధ అని ఎవరైనా స్థిరాంకంలా చెబితే నమ్మనక్కరలేదు, ఆ అంకె మనుషులను బట్టి, మొత్తాలను బట్టి మారుతూనే ఉంటుంది. 1979 ప్రశ్నలను 2020లో 19 దేశాల్లో, 13 భాషల్లో, నాలుగు వేల మందికి పైగా మళ్లీ వేస్తే మొత్తం మీద పాత ఫలితాలే నిలిచాయి, కొన్నిచోట్ల కాస్త పలచగా. అన్ని పరిశోధనలకూ ఆ గౌరవం దక్కలేదు. పత్రం పైభాగంలో ముందే సంతకం చేయిస్తే జనం నిజాయితీగా నింపుతారని చెప్పిన 2012 నాటి ప్రసిద్ధ వ్యాసాన్ని, అందులోని సమాచారం కల్పితమని బయటపడి 2021లో ఉపసంహరించారు. కానెమన్ అంతటివాడు తన 2011 పుస్తకంలోని ఒక అధ్యాయంలో బలహీనమైన చిన్న ప్రయోగాలను అతిగా నమ్మానని తర్వాత బాహాటంగా ఒప్పుకున్నారు. నవ్వొచ్చే సంగతి ఏమిటంటే, చిన్న నమూనాలను నమ్మే జబ్బు గురించి 1971లోనే ట్వెర్‌స్కీతో కలిసి హెచ్చరించింది ఆయనే. తెలిసినంత మాత్రాన ఎవరూ తప్పించుకోలేరనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి.

తెలియడం చాలకపోతే, ఏది పనిచేస్తుంది? కాలిఫోర్నియాలో 132 బ్యాంకుల తొమ్మిదేళ్ల లెక్కలు తీసి బారీ స్టా, మరో ఇద్దరు 1997లో ప్రచురించిన పరిశోధన ఒక జవాబు సూచిస్తుంది. వసూలు కాని అప్పులను ‘ఇక రావు’ అని పుస్తకాల్లో రాసేయడం ఏ బ్యాంకుకైనా కష్టమే. పై మేనేజర్లు మారిన బ్యాంకుల్లో మాత్రం ఆ పని ఎక్కువగా జరిగింది. కొత్తగా వచ్చినవాడు పాతవాడి కన్నా చురుకైనవాడని ఎవరూ నిరూపించలేదు. ఆ అప్పు ఇచ్చింది అతను కాదు, అంతే. పాతవాడి సున్నా గీత అప్పు ఇచ్చిన రోజు దగ్గర ఉంది, కొత్తవాడిది కుర్చీలో కూర్చున్న రోజు దగ్గర.

చేలో కుర్చీ మారదు. అయినా అక్కడ ఒకడికి గీత వేరే చోట ఉంది. తమిళనాడులోని తిరుచెంగోడు నుంచో ఇంకెక్కడి నుంచో వచ్చిన ఆ బండి డ్రైవరుకు పాత బోర్ల సంగతి తెలియదు, బత్తాయి తోట సంగతి తెలియదు, ఈ బోరులో ఇప్పటిదాకా ఎంత పోసిందీ అతని ప్రశ్నలో లేదు. ఇరవై అడుగుల రాడ్డు ఒకటి కొక్కేనికి వేలాడుతోంది. అతను అడిగేదల్లా ఇక్కడి నుంచి ముందుకు సంబంధించినదే: వేసేదా, తీసేదా? ఆ రాత్రి అక్కడున్న అందరిలో సరైన ప్రశ్న అడుగుతున్నది అతనొక్కడే. అతని బండికి డబ్బు పడేది మాత్రం అడుగుల లెక్కన.